డిస్కు ఆనవాలు: ఫైల్ సిస్టమ్ ఏదో ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఎలా తెలుస్తుంది

(చెన్నైలో తెలుగువారి ఆదివారపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు, వెనక వరుసల్లో సర్దుకొని కూర్చున్న ఇంజనీరింగ్ విద్యార్థులకు నమస్కారం.

మాంబళంలో ఉండే మా పిన్నిగారి అబ్బాయి ఈ మధ్య ఒకరోజు పొద్దున్నే హార్డ్‌డిస్కు ఒకటి చేత్తో పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అందులో వాళ్ల నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు, పిల్లల చిన్ననాటి వీడియోలు ఉన్నాయి. ఆ డిస్కు ఏళ్ల తరబడి ఇంట్లోని లినక్స్ కంప్యూటరుకే తగిలించి ఉండేది. ఆ కంప్యూటరు పాడైపోతే డిస్కును విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. ఈ డ్రైవును వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని ల్యాప్‌టాప్ అడిగింది. మావాడు భయపడి వద్దనేసి, రిచీ స్ట్రీట్‌లోని ఒక కొట్టుకు తీసుకుపోయాడు. అక్కడి కుర్రవాడు కూడా అదే సందేశం చూసి, "డిస్కులో ఏమీ లేదు సార్" అని చెబుతూనే ఫార్మాట్ మీద నొక్కేశాడు.

ఆ కుర్రవాణ్ని నేను పెద్దగా తప్పుపట్టను. ఆ ప్రశ్నే అతణ్ని దారి తప్పించింది. "ఇందులో ఏముందో నాకు తెలియడం లేదు" అని చెప్పవలసిన చోట ఆపరేటింగ్ సిస్టమ్ "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగింది. ఈ రెండు మాటలకూ మధ్య ఎంత దూరం ఉందో, ఆ దూరం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడమే ఈరోజు నా పని.

ముందుగా ఒక్క సంగతి స్థిరపరచుకుందాం. ఫైళ్లనూ ఫోల్డర్లనూ డిస్కులో ఎక్కడ, ఎలా అమర్చాలో చెప్పే ఏర్పాటే ఫైల్ సిస్టమ్. డిస్కుకు అలాంటిది ఒకటుంటుందని తెలియదు. ఒక టెరాబైట్ డిస్కులో 512 బైట్ల సెక్టార్లు 195 కోట్ల పైచిలుకు ఉంటాయి. ఫలానా నంబరు సెక్టారు ఇమ్మంటే ఇస్తుంది, రాయమంటే రాస్తుంది. దాని చదువు అంతవరకే. ఆ సెక్టార్లలో ఏవి ఫోల్డర్లో, ఏవి ఫైళ్లో, ఏవి ఉత్త ఖాళీలో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఫైల్ సిస్టమ్ డ్రైవరు అనే ప్రోగ్రాము. ఆ డ్రైవర్లు పదులకొద్దీ ఉన్నప్పుడు వాటిలో ఎవరిని పిలవాలన్నది తేల్చుకోవాలి.

ఒకప్పుడు ఈ చిక్కే లేదు. లినక్స్ పుట్టిన కొత్తలో అది ఎరిగిన ఫైల్ సిస్టమ్ మినిక్స్ ఒక్కటే; 64 మెగాబైట్లకు మించిన పార్టిషన్‌ను (డిస్కులో విడదీసిన భాగాన్ని), 14 అక్షరాలకు మించిన ఫైలు పేరును అది ఒప్పుకునేది కాదు. ఒక్కటే ఉన్నప్పుడు ఏదని అడగవలసిన పనేముంది? 1992 ఏప్రిల్‌లో ఆ ఇరుకునుంచి బయటపడటానికి ఎక్స్‌ట్ అనే కొత్త ఫైల్ సిస్టమ్ వచ్చింది. దానితోపాటే, ఎన్ని రకాలైనా ఒకే కప్పు కింద ఇమిడేలా వీఎఫ్ఎస్ అనే పొర కూడా లినక్స్‌లోకి వచ్చింది. ఆ ఆలోచన లినక్స్‌ది కాదు. స్థానికమైన డిస్కునూ, నెట్‌వర్కు అవతల ఉన్న డిస్కునూ ప్రోగ్రాములకు ఒకేలా చూపించాలని సన్ మైక్రోసిస్టమ్స్‌వారు 1985 నాటికే తమ యూనిక్స్‌లో అలాంటి పొరను పెట్టారు. రకాలు పెరిగిన నాడే గుర్తింపు సమస్య కూడా పుట్టింది.

ఈ ఊళ్లోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారాన్ని చూసినవారికి తాళపత్ర గ్రంథాల కట్టలు ఎలా ఉంటాయో తెలుసు. కట్ట మీద చీటీ ఉందనుకోండి. అది ఎవరో, ఎప్పుడో అతికించినది. లోపలి ఆకుల్లో, ఆశ్వాసాంత గద్యలో కవి తన పేరూ తన కృతి పేరూ తానే చెప్పుకుంటాడు. జాబితా రాసే పండితుడు చీటీని చూస్తాడు గాని దాన్నే ప్రమాణంగా తీసుకోడు. కట్ట విప్పి గద్య చదివిన తరువాతే పేరు రాసుకుంటాడు. డిస్కు విషయంలోనూ పైచీటీ ఒకటి, లోపలి గద్య ఒకటి ఉన్నాయి.

పైచీటీ పార్టిషన్ పట్టికలో ఉంటుంది. పాత పద్ధతిలో డిస్కు మొదటి సెక్టారులోని 446వ బైటు దగ్గరనుంచి పదహారేసి బైట్ల గడులు నాలుగు ఉంటాయి, చివరి రెండు బైట్లలో హెక్స్ లెక్కలో (ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలనూ అంకెలుగా వాడే పదహారు ఆధారపు లెక్కలో) 55, ఏఏ అన్న గుర్తు ఉంటుంది. ఒక్కో గడిలో ఒక్క బైటు ఆ పార్టిషన్ రకాన్ని చెబుతుంది. హెక్స్ లెక్కలో 83 అంటే లినక్స్. 0సీ అంటే ఫ్యాట్32. అయితే ఒక బైటుకు ఉన్న విలువలు 256 మాత్రమే, వాటిని పంచిపెట్టే పెద్దమనిషి ఎవరూ లేరు. అందుకని 82ను లినక్స్ స్వాప్ కోసమూ, సోలారిస్ కోసమూ ఇద్దరూ వాడుకున్నారు. 07 సంగతి ఇంకా విచిత్రం: అది మొదట ఓఎస్/2 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని హెచ్‌పీఎఫ్ఎస్‌ది, తరువాత విండోస్‌వారి ఎన్‌టీఎఫ్ఎస్‌ది, ఆ తరువాత ఎక్స్‌ఫ్యాట్‌ది కూడా అయింది. మూడు వేరువేరు ఇళ్లకు ఒకటే డోరు నంబరన్నమాట. తరువాత వచ్చిన కొత్త పద్ధతి అయిన జీపీటీ పట్టికలో ఒక బైటుకు బదులు పదహారు బైట్ల గుర్తు పెట్టారు గనుక నంబర్ల కొరత తీరింది. అయినా పూర్వం లినక్స్ పనిముట్లు విండోస్‌వారి సాధారణ డేటా గుర్తునే తమ పార్టిషన్లకూ వేసేవి. తమకంటూ వేరే గుర్తు తరువాత ఏర్పరచుకున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈ చీటీకీ లోపలి సరుకుకూ కట్టుబాటు ఏదీ లేదు. మావాడి డిస్కులో జరిగింది అదే. కొన్ననాడు డిస్కు 07 చీటీతో వచ్చింది. అతడు లినక్స్‌లో ఆ పార్టిషన్ మీద ఎక్స్‌ట్ వంశంలోని ఎక్స్‌ట్4 వేశాడు; ఫార్మాట్ చేసే ఆదేశం పార్టిషన్ లోపలి భాగాన్ని రాస్తుందే తప్ప బయటి పట్టిక జోలికి పోదు. లినక్స్‌కు చీటీతో పెద్దగా పని లేదు గనుక అన్నేళ్లూ తేడా తెలియలేదు. విండోస్ మాత్రం చీటీ చూసి, ఇది నాదే అనుకొని డ్రైవ్ లెటర్ ఇచ్చి, లోపలికి వెళ్లి చూస్తే తనకు తెలిసిన ఎన్‌టీఎఫ్ఎస్ లేదు. చీటీలో 83 ఉండి ఉంటే విండోస్ దానికి లెటరే ఇచ్చేది కాదు, ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

ఇక లోపలి ఆనవాళ్లు. వీటినే ఇంగ్లిషులో మ్యాజిక్ నంబర్లంటారు. ఇందులో మంత్రమేమీ లేదు. శతక పద్యానికి మకుటం లాంటిది. మకుటం వినగానే పద్యం ఎవరిదో పోల్చుకుంటాం.

తెర మీద ఉన్నది నా పెన్‌డ్రైవులోని ఎక్స్‌ట్4 పార్టిషన్ మొదటి రెండు కిలోబైట్లు. మొదటి 1024 బైట్లూ అన్నీ సున్నాలే. ఆ తరువాత ఫైల్ సిస్టమ్ ముఖ్య వివరాలుండే సూపర్‌బ్లాక్ మొదలవుతుంది; దానిలో 56వ స్థానానికి, అంటే మొత్తంమీద 1080కి దిగి వస్తే, ఇదిగో 53, పక్కనే ఈఎఫ్. పుస్తకాల్లో దీన్ని ఈఎఫ్53 అని రాస్తారు. తెర మీద తిరగబడినట్టు కనిపించడానికి కారణం, ఈ ఫైల్ సిస్టమ్ సంఖ్యలోని చిన్న భాగాన్ని ముందు రాసుకోవడమే. ఈ రెండు బైట్లూ చూసిన మరుక్షణం ఎక్స్‌ట్ కుటుంబపు డ్రైవరు "ఇది మావాళ్లదే" అంటుంది.

ఆ ఆనవాళ్లు ఒక్కో ఫైల్ సిస్టమ్‌కు ఒక్కో చోట ఎందుకున్నాయో గమనిస్తే, అవి మొదట ఎవరికి దారి వదిలి కూర్చున్నాయో తెలుస్తుంది. ఎక్స్‌ట్4 మొదటి 1024 బైట్లు బూట్ ప్రోగ్రాముకు విడిచిపెట్టింది. సీడీలకు వాడే ఐఎస్ఓ 9660 ప్రమాణం పదహారు సెక్టార్లు, అంటే 32,768 బైట్లు ఎవరైనా వాడుకోండని వదిలేసి, ఆ తరువాత ఒక బైటు దాటి "సీడీ001" అనే అయిదక్షరాలు పెట్టుకుంది. లినక్స్‌లోని మరో ఫైల్ సిస్టమ్ బీటీఆర్ఎఫ్ఎస్ ఏకంగా 64 కిలోబైట్లు వదిలింది. ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్‌లు తమ పేర్లను మూడు బైట్ల తరువాత రాసుకుంటాయి. ఆ మూడు బైట్లూ పాత పీసీలు బూట్ అయ్యేటప్పుడు అమలుచేసే జంప్ ఆదేశానివి. ఎక్స్‌ఎఫ్ఎస్ మాత్రం ఎవరికీ దారి వదలదు. సున్నావ స్థానంలోనే తన పేరుతో కూర్చుంటుంది. పీసీల ప్రపంచం బయట, సిలికాన్ గ్రాఫిక్స్‌వారి యంత్రాల మీద పుట్టినది గనుక పీసీ బూట్ సెక్టారు మర్యాదలు దానికి పట్టలేదు.

అన్ని ఫైల్ సిస్టమ్‌లూ ఇంత స్పష్టంగా తమ పేరు చెప్పుకుంటాయనుకుంటే పొరపాటు. అందరి జేబుల్లోనూ, కెమెరాల్లోనూ ఉన్న ఫ్యాట్‌కే సరైన మకుటం లేదు. దాని బూట్ సెక్టారులో "ఫ్యాట్16", "ఫ్యాట్32" అన్న అక్షరాలు కనిపిస్తాయి గాని, రకాన్ని తేల్చడానికి ఆ అక్షరాలను నమ్మవద్దని మైక్రోసాఫ్ట్‌వారి వివరణ పత్రమే చెబుతుంది. తేల్చవలసింది క్లస్టర్ల (సెక్టార్ల గుంపుల) లెక్కనుబట్టి: 4,085కు తక్కువైతే ఫ్యాట్12, 65,525కు తక్కువైతే ఫ్యాట్16, ఆపైన ఫ్యాట్32. మనిషిని పేరు అడగకుండా ఎత్తు కొలిచి ఎవరో చెప్పినట్టుంటుంది ఈ పద్ధతి. చివర 55, ఏఏ ఉంది కదా అంటే, పార్టిషన్ పట్టిక ఉన్న సెక్టారు చివరా అదే గుర్తు. పట్టికే లేకుండా నేరుగా ఫ్యాట్ వేసిన పెన్‌డ్రైవులు కూడా బజారులో ఉన్నాయి గనుక, మొదటి సెక్టారు చదివిన ప్రోగ్రాముకు ఇది పట్టికా, ఫ్యాటా అన్న సందేహం తప్పదు. అప్పుడు ఒక్కొక్క గడీ తడిమి చూడాలి. రెండును రెండుతో హెచ్చించుకుంటూ పోతే వచ్చే సంఖ్యల్లో 512నుంచి 4,096 దాకా ఉన్నవాటిలో ఒకటేనా సెక్టారు పరిమాణం? క్లస్టరుకు ఎన్ని సెక్టార్లన్నది కూడా అలా వచ్చే సంఖ్యేనా? మీడియా బైటు విలువ ఒప్పుకోదగ్గదేనా? ఫ్యాట్ పట్టికల సంఖ్య సున్నా కాదు కదా? వీటన్నిటికీ సమాధానం సరిపోతే ఇది ఫ్యాటే అయి ఉంటుందని డ్రైవరు ఒప్పుకుంటుంది. దీన్ని గుర్తుపట్టడం అనడంకన్నా సాక్ష్యాలు తూచి తీర్పు చెప్పడం అనడమే న్యాయం.

మకుటం కుదిరినంతమాత్రాన పద్యం అర్థమైపోదు. ఫైల్ సిస్టమ్‌నూ గుర్తుపట్టడం వేరు, చదవగలగడం వేరు. మినిక్స్ కాలంలో ఫైలు పేరు 14 అక్షరాలైతే 137ఎఫ్ అని, 30 అక్షరాలైతే 138ఎఫ్ అని ఆనవాలునే మార్చేవారు. కొత్త సౌకర్యం చేర్చిన ప్రతిసారీ కొత్త పేరు పెట్టుకుంటూ పోతే పాత డ్రైవర్లన్నిటికీ తమ డిస్కులే పరాయివైపోతాయి. ఎక్స్‌ట్2 రూపకర్తలు వేరే దారి పట్టారు. ఎక్స్‌ట్2, 3, 4 మూడింటికీ ఆనవాలు ఒకటే ఈఎఫ్53. తేడాలన్నీ సూపర్‌బ్లాక్‌లోని జెండాల్లో ఉంటాయి. ఆ జెండాలను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపులోనిది తెలియకపోయినా డ్రైవరు నిశ్చింతగా పని చేసుకోవచ్చు. రెండో గుంపులోనిది తెలియకపోతే చదవవచ్చు గాని రాయకూడదు. మూడో గుంపులోనిది ఒక్కటి తెలియకపోయినా ఆ డిస్కును ముట్టుకోకూడదు. జర్నల్ (చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) ఉంది అన్నది మొదటి గుంపులోని జెండా. అందుకే సవ్యంగా అన్‌మౌంట్ చేసిన, అంటే వాడకంనుంచి విడదీసిన, ఎక్స్‌ట్3 డిస్కును పాత ఎక్స్‌ట్2 డ్రైవరు కూడా వాడుకోగలిగింది. కరెంటు పోయి జర్నల్‌లో పని మిగిలిపోతే మూడో గుంపులోని ఒక జెండా లేస్తుంది, ఎక్స్‌ట్2 డ్రైవరు చేతులెత్తేస్తుంది. 2015లో లినక్స్ 4.3నుంచి ఎక్స్‌ట్3 డ్రైవరును పూర్తిగా తీసేసినా ఎవరి డిస్కూ అనాథ కాలేదంటే, ఎక్స్‌ట్4 డ్రైవరు ఆ జెండాలన్నీ ఎరిగి ఉండటమే కారణం. ఇంత ముందుచూపున్న ఏర్పాటు కంప్యూటరు రంగంలో అరుదు అని నా అభిప్రాయం.

ఇప్పుడు అడిగేవారి సంగతికి వద్దాం. లినక్స్‌లో మీరు రకం చెప్పకుండా డిస్కును మౌంట్ చేయమన్నప్పుడు, అంటే వాడకానికి కలపమన్నప్పుడు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కన్నా ముందు రంగంలోకి దిగేది బ్లాక్‌ఐడి అనే లైబ్రరీ. దానిదగ్గర ఏ ఆనవాలు ఎక్కడ ఉంటుందో చెప్పే పెద్ద పట్టిక ఉంది. డిస్కునుంచి ఆ చోట్లు మాత్రం చదివి, పేరు తేల్చి కెర్నెల్‌కు అందిస్తుంది. ఆ డ్రైవరు అప్పటికి మెమరీలో లేకపోతే కెర్నెల్ మాడ్యూల్‌ను తెప్పించుకుంటుంది. సిస్టమ్ తానే ఉండే రూట్ డిస్కును ఏ సహాయకులూ లేకుండా కెర్నెలే మౌంట్ చేయవలసి వచ్చి, రకం ఏదో ఎవరూ చెప్పకపోతే, తనదగ్గర నమోదైన డ్రైవర్ల వరుస పట్టుకొని ఒక్కొక్కరినే "ఇది నీదేనా" అని అడుగుతూ పోతుంది.

విండోస్ పద్ధతి కూడా పిలిచి అడగడమే. ప్రతి ఫైల్ సిస్టమ్ డ్రైవరూ ముందుగా తన పేరు నమోదు చేసుకుంటుంది. కొత్త వాల్యూమ్ వచ్చినప్పుడు ఒక్కొక్కదానికీ మౌంట్ అభ్యర్థన వెళుతుంది. తనది కాకపోతే "పోల్చుకోలేని వాల్యూమ్" అన్న కోడ్ తిరిగి వస్తుంది, అభ్యర్థన తరువాతి డ్రైవరుకు పోతుంది. అందరూ కాదన్న తరువాత చివరన 'రా' (ఇంగ్లిషులో పచ్చిది అని అర్థం) అనే డ్రైవరు ఉంటుంది. అది దేన్నీ కాదనదు. ఏ నిర్మాణమూ లేని ఉత్త సెక్టార్ల వరుసగా ఆ వాల్యూమ్‌ను స్వీకరిస్తుంది. లోపల జరిగేదంతా శాస్త్రీయంగానే ఉంది. కాని "మా వరుసలో ఎవరూ పోల్చుకోలేదు" అన్న ఆ నిజాయతీ గల సమాధానం వినియోగదారుడి దగ్గరికి వచ్చేసరికి "ఫార్మాట్ చేయమంటారా"గా మారిపోతోంది. లినక్స్‌లో వచ్చే సందేశం కూడా చూడముచ్చటగా ఏమీ ఉండదు: ఫైల్ సిస్టమ్ రకం తప్పు, లేదా ఆప్షన్ తప్పు, లేదా సూపర్‌బ్లాక్ చెడింది, లేదా మరేదో పొరపాటు అని గుక్క తిప్పుకోకుండా అన్నీ అప్పజెబుతుంది. అయినా అది ఫార్మాట్ మాట ఎత్తదు గనుక నాకు దాని మీదే గౌరవం.

ఆనవాలు లేకపోవడం ఒక ఇబ్బందైతే, రెండు ఆనవాళ్లు ఉండటం అంతకన్నా పెద్ద ఇబ్బంది. ఆశ్వాసాంత గద్య చివర ఉన్నట్టే కొన్ని నిర్మాణాలు తమ పేరును డిస్కు చివర కూడా రాసుకుంటాయి. జెడ్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ తన లేబుళ్లను ముందు రెండు, చివర రెండు పెడుతుంది. అలాంటి డిస్కును తరువాత ఎక్స్‌ట్4గా ఫార్మాట్ చేస్తే ముందువి చెరిగినా చివరివి మిగిలిపోవచ్చు. పాత అద్దెదారు బోర్డు పెరటి గోడ మీద ఉండిపోయినట్టు. కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే రెయిడ్‌లో ఇది ప్రమాదంగా మారుతుంది. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం జంటగా ఉంచే ఏర్పాటులో రెయిడ్ గుర్తు డిస్కు చివర ఉంటే, ఒక డిస్కును విడిగా చూసినప్పుడు దాని మొదట్లో మామూలు ఎక్స్‌ట్4 ఆనవాలే కనిపిస్తుంది. ఆ ఒక్కదాన్నే మౌంట్ చేసి రాస్తే జంటలోని రెండూ వేరువేరు కథలు చెప్పడం మొదలుపెడతాయి. అందుకే బ్లాక్‌ఐడి ముందుగా రెయిడ్ గుర్తులకోసం వెతికి, ఆ తరువాతే ఫైల్ సిస్టమ్‌లను చూస్తుంది. ఒకదానితో ఒకటి పొసగని రెండు ఫైల్ సిస్టమ్‌ల ఆనవాళ్లు దొరికితే ఏదో ఒకటి ఎంచుకోకుండా, అనుమానంగా ఉందని చెప్పి తప్పుకుంటుంది. చాలామందికి అది చికాకు. నాకు మాత్రం, తెలియనిది తెలియదనే ఆ ప్రోగ్రాము పక్కన పడుకుంటే నిద్ర పడుతుంది. (సభలో నవ్వులు)

మావాడి డిస్కు ఏమైందని ఇందాకటినుంచి కొందరి ముఖాల్లో ప్రశ్న కనిపిస్తోంది. త్వరగా చేసే ఫార్మాట్ డిస్కంతా చెరపదు. కొత్త నిర్మాణానికి కావలసిన కొన్ని చోట్ల మాత్రమే రాస్తుంది. పార్టిషన్ మొదటి ఎనిమిది కిలోబైట్లలో ఎన్‌టీఎఫ్ఎస్ తన బూట్ ప్రాంతాన్ని వేసుకున్నది గనుక, 1080 దగ్గరి ఆనవాలుతోసహా ఎక్స్‌ట్4 మొదటి సూపర్‌బ్లాక్ పోయింది. కాని ఎక్స్‌ట్4 తన సూపర్‌బ్లాక్‌కు నకళ్లు డిస్కులో అక్కడక్కడ దాచుకుంటుంది. నాలుగు కిలోబైట్ల బ్లాకులైతే మొదటి నకలు 32,768వ బ్లాకులో, అంటే 128 మెగాబైట్ల దూరంలో ఉంటుంది. ముందు డిస్కు మొత్తానికీ మరో డిస్కులో ప్రతి తీసుకున్నాను; అసలు డిస్కు మీద ప్రయోగాలు చేయకూడదు. ఆ ప్రతి మీద ఈ2ఎఫ్‌ఎస్‌సీకే ఆదేశానికి ఆ నకలు స్థానం చెప్పి నడిపితే, పోయిన పట్టికలను అది తిరిగి కట్టుకుంటూ వచ్చింది. ఎన్‌టీఎఫ్ఎస్ లోపల మరోచోట రాసుకున్న భాగాల కింద పడిన కొన్ని వీడియోలు తెరుచుకోలేదు. షష్టిపూర్తి ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి.

చివరగా ఇక్కడే ఒక ప్రయోగం చేసి చూపిస్తాను. ఇందాకటి పెన్‌డ్రైవులో మెరీనాలో తీసిన ఫొటో ఒకటుంది. మౌంట్ చేస్తే ఇదిగో కనిపిస్తోంది. ఇప్పుడు అన్‌మౌంట్ చేసి, వైప్‌ఎఫ్ఎస్ అనే ఆదేశాన్ని నకలు దాచమని చెప్పి నడుపుతున్నాను. ఏమంటోందో చదవండి: 438వ స్థానంలో రెండు బైట్లు చెరిపాను, అవి 53, ఈఎఫ్. హెక్స్‌లో 438 అంటే మన 1080యే. మళ్లీ మౌంట్ చేయమంటే, రకం తప్పో, సూపర్‌బ్లాక్ చెడిందో అంటూ పాత పాటే పాడుతోంది. బ్లాక్‌ఐడిని అడిగితే ఫైల్ సిస్టమ్ ఊసే ఎత్తడం లేదు. ఫొటోలోని ఒక్క బైటు కూడా కదలలేదని మీకూ నాకూ తెలుసు. ఇదే డ్రైవును రిచీ స్ట్రీట్‌కు తీసుకుపోతే ఏమంటారో కూడా మనకు తెలుసు. ఇప్పుడు దాచిన ఆ రెండు బైట్లనూ డీడీ ఆదేశంతో వాటి చోట వాటిని పెడుతున్నాను. మౌంట్ అయింది. ఇదిగో మెరీనా.

ఇక మీ ప్రశ్నలు అడగండి. పెన్‌డ్రైవు ఈ బల్ల మీదే ఉంటుంది. కావలసినవారు వచ్చి ఆ రెండు బైట్లను తామే చెరిపి, తామే తిరిగి రాసి చూడవచ్చు.